అరచేతి తెర ఖరీదు

నింటెండో 2021 అక్టోబరులో స్విచ్ కన్సోల్‌ను ఓఎల్ఈడీ తెరతో విడుదల చేసింది. 2025 జూన్ 5న స్విచ్ 2 తెచ్చేసరికి మళ్లీ ఎల్‌సీడీకే వచ్చింది. కాగితం మీద చూస్తే కొత్తదే గొప్ప. తెర 7 అంగుళాల నుంచి 7.9కి పెరిగింది. 720పి పోయి 1080పి వచ్చింది. సెకనుకు 60 సార్లు మారే బొమ్మ ఇప్పుడు 120 సార్లు మారగలదు. వెలుగు చీకట్ల తేడాను పెంచి చూపే హెచ్‌డీఆర్ అన్న ముద్ర కూడా పడింది. అయినా గదిలో దీపాలార్పి, ఏ గుహలోనో సాగే ఆటను రెండింటి మీదా నడిపి చూడండి. పాతదాని నలుపు నల్లగానే ఉంటుంది, కొత్తదాని నలుపు బూడిద కలిసినట్టుంటుంది. అంకెలన్నీ పెరిగాక కూడా కంటికి తేడా కొట్టడమేమిటని కొన్నవాళ్లు తలపట్టుకున్నారు.

ఈ తికమక కొత్తదేమీ కాదు, మూడున్నర దశాబ్దాలుగా నడుస్తున్నదే. టీవీకి తగిలించే కన్సోల్ తయారుచేసేవాడికి తెర బాధ లేదు. టీవీ కొనేది మనం, కరెంటు గోడ ప్లగ్గులోంచి వస్తుంది. అరచేతి యంత్రానికి ఆ సుఖం లేదు. తెర వెలగడానికి కావలసిన కరెంటు, ఆ తెరను బొమ్మలతో నింపే చిప్పు ఆకలి, మోసే చేతుల ఓపిక, కొనేవాడి జేబు, అన్నీ ఒకే పంక్తిలో కూర్చుంటాయి. వంటకం మాత్రం ఒక్క గిన్నెడే. ఒకరి విస్తట్లో ఎక్కువ పడితే ఇంకొకరి విస్తట్లో తగ్గుతుంది. ఈ చరిత్రంతా తిరగేశాక నాకు అనిపించేది ఇది: అరచేతి యంత్రాలను నాసిరకం తెరలు చెడగొట్టినదాని కంటే, తాహతుకు మించిన తెరలు చెడగొట్టిందే ఎక్కువ. ఈ మాటకు ఎదురు నిలిచే ఉదాహరణా ఒకటుంది, అక్కడికీ వస్తాను.

1989 ఏప్రిల్ 21న జపాన్‌లో విడుదలైన గేమ్‌బాయ్ తెరను ఇప్పటి పిల్లలు చూస్తే జాలిపడతారు. అడ్డంగా 160, నిలువుగా 144 చుక్కలు. రంగుల్లేవు. పాచి పట్టిన గచ్చులాంటి ఆకుపచ్చ మీద నాలుగంటే నాలుగు ఛాయలు. వెనక దీపం లేదు. బొమ్మ పరిగెడితే దాని వెనకాలే మసక తోకొకటి ఈడ్చుకుంటూ వచ్చేది. పక్కనున్న చిన్న చక్రం తిప్పుకుంటూ గాఢత సరిచేసుకోవాలి. అదే ఏడాది అటారీ సంస్థ లింక్స్‌ను రంగుల తెరతో, వెనక దీపంతో తెచ్చింది. మరుసటేడు సెగా గేమ్‌గేర్ వచ్చింది, అదీ రంగులదే, దీపమున్నదే. ఎన్‌ఈసీ వాళ్ల టర్బో ఎక్స్‌ప్రెస్ ఇంకో మెట్టు పైన నిలిచింది. దాని టీఎఫ్‌టీ తెర ఆ రోజుల్లో మహా విలాసం. అమెరికాలో దాని ధర సుమారు 250 డాలర్లు. గేమ్‌బాయ్‌ది 90 డాలర్లు.

దుకాణంలో నాలుగూ వరసగా పెడితే గేమ్‌బాయ్ వైపు ఎవరూ చూడరు. కానీ ఇంటికి తెచ్చుకున్నాక అసలు కథ మొదలవుతుంది. గేమ్‌గేర్‌కు ఆరు పెన్సిల్ సెల్లు కావాలి, మూడు నుంచి ఐదు గంటల్లో ఖాళీ. లింక్స్‌దీ దాదాపు అదే వరస. గేమ్‌బాయ్‌కు నాలుగు సెల్లు వేస్తే పది పదిహేను గంటలు తేలిగ్గా గడిచేవి. కారణం చాలావరకు తెరలోనే ఉంది. గేమ్‌గేర్ తెర వెనక వెలిగేది ఇప్పటి ఎల్ఈడీ కాదు, సన్నటి ఫ్లోరసెంట్ గొట్టం, మన ట్యూబ్‌లైటుకు చిట్టి తమ్ముడు. అది పంపే వెలుగులో సగాన్ని ఎల్‌సీడీ మొదటి పొర అయిన పోలరైజరే ఆపేస్తుంది. మిగిలినదాంట్లో మూడింట రెండొంతులు రంగుల ఫిల్టర్లు మింగుతాయి. ఇంకా దాటాల్సిన పొరలు ఉండగానే ఆరోవంతుకు పడిపోయిందన్నమాట. రంగు తెర అంటే ఆ రోజుల్లో సెల్లు కాల్చి గాల్లో కలపడమే.

గేమ్‌గేర్ కోటి పైచిలుకు అమ్ముడైంది. గేమ్‌బాయ్, దాని రంగుల వారసుడు గేమ్‌బాయ్ కలర్ కలిపి 11.8 కోట్లు దాటాయి. ఈ తేడా అంతా తెర వల్లనే అంటే అబద్ధం. టెట్రిస్ ఉంది, తర్వాత పోకెమాన్ వచ్చింది, ధరా తక్కువ. అయితే ఆ ధర తక్కువగా ఉండడానికీ, పిల్లవాడు సెల్లకోసం అమ్మానాన్నల్ని వారం వారం వేధించకుండా ఉండడానికీ ఆ దిక్కుమాలిన తెరే కారణం. దాని రూపకర్తల్లో ముఖ్యుడు గున్‌పెయ్ యోకోయ్‌కి ఒక సిద్ధాంతం ఉండేది: వాడి వాడి చవకబడ్డ సాంకేతికతను తీసుకుని, ఎవరూ ఊహించని పనికి పెట్టాలి. 1980లో కాలిక్యులేటర్ తెరతో గేమ్ అండ్ వాచ్ చేసిందీ ఆయన బృందమే.

మన ఊళ్లలో తొంభైల్లో జాతరల్లో, ఎగ్జిబిషన్లలో, బస్టాండు కొట్లలో అమ్మిన బ్రిక్ గేమ్ కూడా తెర మాటకొస్తే ఈ వంశానిదే. అడ్డంగా పది, నిలువుగా ఇరవై గళ్లు, నల్ల ఇటుకలు, పైన 9999 ఆటలున్నాయని పచ్చి అబద్ధం. ఎండాకాలం సెలవుల్లో డాబా మీద ఆడితే అచ్చు పుస్తకమంత స్పష్టంగా కనపడేది. రాత్రి కరెంటు పోతే మాత్రం అక్కరకు రాదు. మా అన్న టార్చిలైటు పడితే నేను ఆడేవాణ్ని, వంతు మారగానే టార్చి నా చేతికొచ్చేది.

ఇక ఎదురు నిలిచే ఉదాహరణ. 2001లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ వచ్చింది. 32 బిట్ల ప్రాసెసర్, 240×160 చుక్కల రంగుల తెర, ధర వంద డాలర్లు. దీపం మాత్రం పెట్టలేదు. నలుపు తెలుపు తెరకు బయటి వెలుగు సరిపోతుంది. రంగుల తెరలో ఆ వెలుగు ఫిల్టర్లను రెండుసార్లు దాటాలి, లోపలికి వెళ్తూ ఒకసారి, వెనకున్న అద్దానికి తగిలి తిరిగొస్తూ ఇంకోసారి. కట్టాల్సిన సుంకం రెట్టింపు. ఫలితంగా మామూలు గది వెలుతురులో ఆ తెర మబ్బు పట్టిన సాయంత్రంలా ఉండేది. దాంతోపాటే వచ్చిన కాసిల్‌వేనియా ఆట అసలే రాత్రి కోటలో సాగుతుంది. ఎక్కడ గోడో, ఎక్కడ దయ్యమో పోల్చుకోలేక జనం కిటికీ పక్కకు జరిగారు. మరుసటేడు అదే వరసలో వచ్చిన ఆటకు తయారీదారులు కావాలని కొట్టొచ్చే రంగులు పూశారు.

నాకు చాలా ఆసక్తిగా అనిపించే సంగతి ఇదే: తెర లోపం ఆటల లోపలికి దిగిపోయింది. పాత సూపర్ నింటెండో ఆటలను అడ్వాన్స్ మీదికి తెచ్చినప్పుడు రంగులను పలచబరిచి, తేటపరిచి ఇచ్చారు. ఆ ఆటలే ఇవాళ మంచి తెర మీద పెడితే ఉతికి ఉతికి వెలిసిన చీరల్లా ఉంటాయి. అసలు రంగు అదే అనుకుని ఈ తరం ఆడుతోంది.

2002లో ఆఫ్టర్‌బర్నర్ అని ఒక కిట్ వచ్చింది. యంత్రం విప్పి, తెర ముందు సన్నటి వెలుగు పలక అతికించి, తీగలు సోల్డర్ చేసుకోవాలి. కొనుక్కున్న వస్తువును తామే విప్పి మరమ్మతు చేసుకోవడానికి జనం సిద్ధపడ్డారంటే పొదుపు హద్దు దాటిందనే అర్థం. 2003లో నింటెండో మడతపెట్టే ఎస్‌పీ మోడల్‌లో ముందు దీపం పెట్టింది, 2005లో వెనక దీపమున్న రకం తెచ్చింది. ఎస్‌పీలో దీపంతో పాటు వచ్చిన మరో మార్పు గమనించాలి: చార్జింగ్ పెట్టుకునే లిథియం బ్యాటరీ. దీపానికి అనుమతి బ్యాటరీ దగ్గర్నుంచే వచ్చింది. మొదటి ఎస్‌పీలో దీపం పూర్తిగా ఆర్పేసి ఎండలో ఆడుకోవచ్చు. వెనక దీపమున్నదానిలో వెలుగు తగ్గించడం, పెంచడం తప్ప ఆర్పడం లేదు. ఆ రోజు నుంచి అరచేతి తెరలు ఎండతో స్నేహం తెంచుకున్నాయి.

సోనీది మొదటి నుంచీ వేరే స్వభావం, తెరతోనే అమ్ముతుంది. 2004 డిసెంబరులో వచ్చిన పీఎస్‌పీ 4.3 అంగుళాల వెడల్పాటి తెర చూసి నోళ్లు తెరుచుకున్నాయి. 333 మెగాహెర్ట్జ్ వేగంతో పరిగెత్తగల ప్రాసెసర్‌ను మాత్రం బ్యాటరీ కోసమని 222 దగ్గర కట్టేశారు. ఆ కళ్లెం 2007లో గానీ వదల్లేదు. తెర తిన్నదాన్ని చిప్పు ఉపవాసంతో సరిపెట్టింది. 2008లో వచ్చిన మూడో రకం పీఎస్‌పీలో రంగులు మెరుగుపడ్డాయి, పాత తోకలు తగ్గాయి. బదులుగా బొమ్మ కదిలినప్పుడు అడ్డంగా సన్నటి గీతలు కనపడసాగాయి. అది తెర స్వభావమే, అప్‌డేట్‌తో పోయేది కాదని కంపెనీయే చెప్పింది.

2011లో వీటా 5 అంగుళాల ఓఎల్ఈడీతో వచ్చింది. పదేళ్ల ముందుచూపు అనాలి. కానీ చీకటి దృశ్యాల్లో కొన్ని తెరల మీద మచ్చలు తేలేవి. 2013లో సోనీ దాన్ని తీసి ఎల్‌సీడీ పెట్టింది. కొత్త వీటా పలచన, తేలిక, బ్యాటరీ కూడా ఇంకాస్త ఎక్కువ. అభిమానులు ద్రోహమన్నారు. రోజూ బస్సులో ఆడేవాడికి అది లాభమే అనుకుంటాను. రంగుల కోసం ఆ పాత తెరను ఇప్పటికీ వెతికి కొనేవాళ్లున్నారనుకోండి.

అదే 2011లో నింటెండో 3డీఎస్ తెచ్చి కళ్లజోడు లేకుండా లోతు చూపించింది. తెరకు సన్నటి చారల అడ్డుతెర జతచేసి ఒక్కో కంటికి సగం సగం చుక్కలే పంపడం దాని కిటుకు. దానివల్ల వెలుగూ సగమే అందేది. తల కాస్త పక్కకు వంగితే బొమ్మ చెదిరేది. ఎంతోమంది లోతును పెంచి తగ్గించే మీటను సున్నా దగ్గర పెట్టేసి ఆడుకున్నారు. 2013లో 2డీఎస్ పేరుతో ఆ హంగు తీసేసి నింటెండోయే చవగ్గా అమ్మింది.

ఇప్పటి తగువు ఎక్కువగా రిజల్యూషన్ మీద. ఇక్కడే కొనేవాడు ఎక్కువగా మోసపోతున్నాడని నా అనుమానం, కనుక కొంచెం నిలబడి లెక్క వేద్దాం. 2023లో ఆసుస్ వాళ్ల ఆర్‌ఓజీ ఆలీ, లెనొవో వాళ్ల లీజియన్ గో వచ్చాయి. రెండింటిలోనూ దొరికే చిప్పు ఒకటే, ఏఎండీ వాళ్ల జెడ్1 ఎక్స్‌ట్రీమ్. ఆలీ తెర 1920×1080, అంటే 20.7 లక్షల చుక్కలు. లీజియన్ గోది 2560×1600, అంటే దాదాపు 41 లక్షలు. ఒకే కూలీకి ఒకచోట ఎకరం పొలం, ఇంకోచోట రెండెకరాలు అప్పజెప్పినట్టు. కొత్త పెద్ద ఆటలను 41 లక్షల చుక్కలతో నడిపే సత్తా ఆ చిప్పుకు లేదు. కొన్నవాళ్లలో చాలామంది రిజల్యూషన్ తగ్గించుకునే ఆడారు. ఒక ఊరట ఉంది: 2560×1600లో సరిగ్గా సగం 1280×800, నాలుగు చుక్కలను ఒకటిగా వాడుకుంటే బొమ్మ మసకబారదు. 2025లో లెనొవో రెండో లీజియన్ గో తెచ్చినప్పుడు చిప్పు బలం పెంచి, చుక్కలు మాత్రం 1920×1200కి తగ్గించి, ఓఎల్ఈడీ పెట్టింది. తప్పు దిద్దుకోవడం అంటే అదీ.

కంటి వైపు నుంచి కూడా చూడాలి. చూపు బాగున్న మనిషి విడదీసి చూడగల అతి చిన్న కోణం ఒక డిగ్రీలో అరవయ్యో వంతని స్థూలంగా లెక్క. 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే అది అంగుళానికి సుమారు 220 చుక్కలకు సమానం. స్విచ్ ఓఎల్ఈడీ తెరకు అంగుళానికి 210 చుక్కలు, వాల్వ్ కంపెనీ వాళ్ల మొదటి స్టీమ్ డెక్‌కు 215. లీజియన్ గోకు 343. ముఖానికి దగ్గరగా పట్టుకుంటే, సన్నటి అక్షరాలు చదవాల్సొస్తే ఎక్కువ చుక్కల వల్ల మేలుందన్నది నిజమే. పరుగెత్తే బొమ్మలో ఆ తేడా పోల్చుకోగలవాళ్లు తక్కువ.

అంకె పెద్దదా చిన్నదా అన్నదాని కంటే అది దేనికి సరిపోతుందన్నదే అసలు సంగతి. వీటా తెర 960×544 అన్న వింత కొలత ఎక్కణ్నుంచి వచ్చింది? పీఎస్‌పీ 480×272కు సరిగ్గా రెట్టింపు. పాత ఆటల్లో ఒక చుక్క కొత్త తెర మీద నాలుగు చుక్కలవుతుంది, అంచు చెదరదు. నింటెండో 3డీఎస్‌లో ఈ జాగ్రత్త లేదు. దాని ముందుతరం డీఎస్ యంత్రపు ఆటల 192 వరసలను 240 వరసలకు సాగదీయడంతో బొమ్మ అలుక్కుపోయింది. ఆట తెరుస్తూ స్టార్ట్ బటన్ నొక్కి పట్టుకుంటే చిన్నగా, అసలు కొలతలో వస్తుందని తెలిసినవాళ్లకే తెలుసు. స్విచ్ 2లోనూ అదే ఇబ్బంది: పాత స్విచ్ ఆటల 720 వరసలు 1080కి ఒకటిన్నర రెట్లుగా సాగాలి, అర చుక్క అనేది ఉండదు కనుక మసక తప్పదు. 2021 డిసెంబరులో వచ్చిన అనలాగ్ పాకెట్ ఈ లెక్క తెలిసినవాళ్లు చేసింది. దాని చిన్న తెరలో 1600×1440 చుక్కలు పెట్టారు. చూడగానే పిచ్చి అనిపిస్తుంది. గేమ్‌బాయ్ 160×144ను పదితో హెచ్చవేయండి, తెలిసిపోతుంది. అన్ని చుక్కలు పెట్టింది పాత తెర గళ్లనూ, పచ్చదనాన్నీ అచ్చుగుద్దినట్టు చూపించడానికి. లోపాన్ని కాపీ కొట్టడానికి అంత మంచి తెర కావలసి వచ్చింది!

కదలిక గురించి పెట్టె మీద రాసే అంకె రిఫ్రెష్ రేటు. 60 హెర్ట్జ్ తెర మీద ఆట సెకనుకు 60 బొమ్మలిస్తే ఒక్కోటి 16.7 మిల్లీసెకన్లు ఉంటుంది, 30 ఇస్తే 33.3. మధ్యలో 45 ఇస్తే కొన్ని బొమ్మలు ఒక విడత, కొన్ని రెండు విడతలు నిలబడి ఆట కుంటుతుంది. స్టీమ్ డెక్‌కు 2022లో వాల్వ్ ఒక చిన్న ఉపాయం ఇచ్చింది: తెరనే 40 హెర్ట్జ్‌కు దించవచ్చు. అప్పుడు ఒక్కో బొమ్మకు 25 మిల్లీసెకన్లు. కాలం లెక్కన అది 30కీ 60కీ సరిగ్గా నడిమధ్య. చిప్పుకు మూడింట ఒక వంతే అదనపు శ్రమ, కంటికి మాత్రం సగం దారి కలిసొచ్చింది. ఒక్క రూపాయి పెట్టకుండా తెరను బాగుచేయడం నేను చూసింది ఇక్కడే. ఆట వేగానికి తగ్గట్టు తెరే వేగం మార్చుకునే వీఆర్ఆర్ ఇంకా మేలు; ఆలీలో అది మొదటి నుంచీ ఉంది.

ఇక్కడ స్విచ్ 2 దగ్గరికి తిరిగి రావాలి. 120 హెర్ట్జ్ అంటే తెర ప్రతి 8.3 మిల్లీసెకన్లకు కొత్త బొమ్మ అందుకుంటుంది. అందుకోవడం వేరు, చూపించడం వేరు. ద్రవ స్ఫటికాలు ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి తిరగడానికి సమయం పడుతుంది. పరీక్షకులు కొలిస్తే ఈ తెరలో ఆ సమయం సగటున 33 మిల్లీసెకన్ల దాకా తేలింది. ఒక బొమ్మ పూర్తిగా మారేలోపు మూడు నాలుగు కొత్త బొమ్మలు వచ్చి గుమ్మంలో నిలబడుతున్నాయి. 1989 నాటి మసక తోక వేషం మార్చుకుని వచ్చిందన్నమాట. స్ఫటికాలను తొందరపెట్టడానికి ఎక్కువ వోల్టేజీ తోసే పద్ధతి ఒకటుంది, దానికీ కరెంటు ఖర్చే. హెచ్‌డీఆర్ కూడా ఇంతే. తెరంతా ఒకే దీపంతో వెలిగేటప్పుడు మంట ప్రకాశించాలంటే పక్కనున్న చీకటీ వెలగాల్సిందే. ఇవన్నీ నింటెండో ఇంజనీర్లకు తెలియనివి కావు. ధర, బ్యాటరీ చూసుకుని, పెట్టె మీద రాయడానికి పనికొచ్చే అంకెలను ఉంచుకుని, రాయనక్కర్లేని అంకెను వదిలేశారని నా ఊహ.

ఓఎల్ఈడీలో ప్రతి చుక్కా తన దీపం తానే. నలుపంటే ఆరిపోవడమే, ఖర్చు సున్నా. మంచు మైదానంలో ఆడితే మాత్రం బిల్లు పెరుగుతుంది. స్పందన మిల్లీసెకనుకు లోపే. స్కోరు, ప్రాణాల పట్టీ లాంటివి వేల గంటలు ఒకేచోట నిలిస్తే మచ్చ పడే భయం ఉంది. వెలుగు తగ్గించడానికి దీపాన్ని గబగబా ఆర్పి వెలిగించే రకాలు కొందరి కళ్లకు పడవు. అయినా 2023 నవంబరులో వచ్చిన స్టీమ్ డెక్ ఓఎల్ఈడీని ఈ మొత్తం చర్చలో నాకు నచ్చిన సమాధానంగా చెబుతాను. తెర 7.4 అంగుళాలకు, 90 హెర్ట్జ్‌కు పెరిగింది, రిజల్యూషన్ 1280×800 దగ్గరే ఆపేశారు. చిప్పును 7 నానోమీటర్ల నుంచి 6కు మార్చి ఆకలి తగ్గించారు. బ్యాటరీ 40 వాట్ అవర్ల నుంచి 50కి పెంచారు. బరువు 669 గ్రాముల నుంచి 640కి దిగింది. మంచి తెరకు ముందుగా డబ్బు కూడబెట్టి, ఆ తర్వాతే కొన్నారు.

అంతా బాగుంది గానీ ఈ పరీక్షలన్నీ చీకటి గదుల్లో జరుగుతాయి. మన వరండా లెక్క వేరు. మిట్టమధ్యాహ్నం నీడలోనే పదివేల లక్స్ వెలుగుంటుంది. తెర అద్దం, దాని మీద వేలిముద్రలు, దుమ్ము కలిసి అందులో ఐదు శాతం కంటికి తిప్పికొట్టినా తెర వెలుగు కొలతలో అది 160 నిట్లు. 400 నిట్ల తెర మీద నలుపు ఇక సున్నా కాదు, 160. తెలుపు 560. అంటే నలుపుకూ తెలుపుకూ మధ్య తేడా మూడున్నర రెట్లే. లక్షకు ఒకటి అని ప్రచారం చేసిన కాంట్రాస్టు వరండాలోకి రాగానే ఇలా తేలిపోతుంది. మన దేశంలో ఆలీని 2023లో రూ.69,990కి అమ్మారు. అంత పోసి కొన్నవాడు కూడా పగటి రైల్లో కిటికీ రెక్క దించుకుని ఆడాల్సిందే. గరుకు అద్దం పెడితే మెరుపు తగ్గుతుంది, దాంతోపాటు బొమ్మ పదునూ కొంత తగ్గుతుంది.

ఎండకు వెరవని తెర ఈ కాలంలోనూ ఒకటుంది. అమెరికాలో పానిక్ అనే చిన్న కంపెనీ 2022లో ప్లేడేట్ తెచ్చింది. పసుప్పచ్చ డబ్బా, పక్కన తిప్పే పిడి, 400×240 చుక్కల తెర. రంగుల్లేవు, కనీసం బూడిద ఛాయలు కూడా లేవు, ప్రతి చుక్కా నలుపో తెలుపో. వెనక దీపం లేదు. ఈ వేసవిలో ఒక స్నేహితుడిది అడిగి తీసుకుని డాబా మీద ఆడాను. ఎండ ముదిరేకొద్దీ బొమ్మ ఇంకా తేటపడింది. రాత్రి తొమ్మిదికి కరెంటు పోయింది. టార్చి పట్టే అన్న న్యూజెర్సీలో ఉన్నాడు.